ఊబిని తవ్వమన్న పెద్దమ్మ

పోయిన వారం మ్యూనిక్ పక్కన ఉంటర్‌ఫ్యోరింగ్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని, టీమంతా కలిసి స్కీయింగ్‌కి ఎక్కడికి వెళ్దామా అని మాట్లాడుకుంటుంటే, ఒకమ్మాయి తన ఫోన్ నా ముందు పెట్టింది. ఆల్గోయ్ కొండల్లో ఒక చిన్న ఊరి ప్రకటన. కొండ ఎక్కించే కొత్త లిఫ్ట్, పొడవాటి కొత్త వాలు, ఆకాశం నుంచి మంచు పడకపోయినా ఇక్కడ మంచు ఉంటుందన్న హామీ. మధ్యలో ఒక ఫొటో. కొండ ఒడిలో నీలంగా ఒక చెరువు, చుట్టూ పచ్చగడ్డి.

"ఎంత బాగుందో చూడు" అంది.

బాగానే ఉంది. ఆ చెరువు తవ్వినప్పుడు అందులో ఏం దొరికిందో నాకు తెలుసు. ఏం దొరకలేదో కూడా తెలుసు. మీరు వెళ్ళిరండి, నాకు ఆ వారం కుదరదు అని చెప్పి లేచి వచ్చేశాను.

ఆ ఊళ్ళో నాకొక పెద్దమ్మ ఉండేది. చుట్టరికం ఏమీ లేదు. మాది వరంగల్, ఆవిడది గుంటూరు వైపు. పడుచుతనంలో నర్సు పని నేర్చుకోవడానికి మిషన్ వాళ్ళతో వచ్చి, ఆ కొండల్లో ఒక పాడిరైతును పెళ్ళి చేసుకుని అక్కడే ఉండిపోయిన మనిషి. నేను ఉద్యోగం కోసం బ్లూ కార్డు వీసా మీద వచ్చినదాన్ని. జర్మనీ లేకపోతే మా ఇద్దరికీ ఒకరి మొహం ఒకరు చూసే యోగమే లేదు.

మా పాప వెళ్ళే కీటాలో, అదే ఇక్కడి చిన్నపిల్లల బడిలో, పిల్లలందరికీ స్కీయింగ్ వచ్చు. తనకు ఒక్కదానికే రాదని ఏడిస్తే, ఒక ఆదివారం నేనూ మావారూ దాన్ని తీసుకుని ఆ ఊరికి వెళ్ళాం. సగం మంచు, సగం గడ్డి ఉన్న వాలు మీద అది పడింది, లేచింది, మళ్ళీ పడింది. "మామా, మియర్ ఇస్ట్ కాల్ట్" అని, అమ్మా చలేస్తోందని ఒకటే గోల. లిఫ్ట్ కింద చెక్కలతో కట్టిన చిన్న హోటల్ ఒకటి ఉంది. దాని కిటికీలోంచి సూప్ అమ్ముతున్నారు. దగ్గరికి వెళ్ళేసరికి జీలకర్ర, ఎండుమిరపకాయలు వేగిన వాసన వచ్చింది. చలికి నా ముక్కు పాడైందేమో అనుకున్నాను.

"ఆ పిల్ల చెవులు కప్పవే అమ్మాయ్! గాలి కత్తిలాగా కోస్తా ఉంటే అట్టా వదిలేశావేంటి?"

కిటికీలో ఒక ముసలావిడ. తల మీద తెల్లటి ఉన్ని టోపీ, నీలం ఏప్రన్, మెడలో సన్నటి గొలుసుకు శిలువ. నల్లటి చిన్న మొహంలో కళ్ళు మాత్రం మమ్మల్ని తిట్టడానికి తయారుగా ఉన్నాయి.

"మీరు తెలుగువాళ్ళా?" అన్నాను.

"కాకపోతే ఇప్పుడు తిట్టింది జర్మన్లోనా? ముందు పిల్లని లోపలికి తీసుకురా."

పాపను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, దాని బూట్లు విప్పి, అరికాళ్ళు తన అరచేతులతో రుద్దింది. అడగకుండానే ముగ్గురికీ సూప్ పెట్టింది. పేరుకు జర్మన్ పప్పు సూప్. పైన మాత్రం మన తిరగమోత. అప్పటి నుంచి చలికాలంలో వీలైన ప్రతి ఆదివారం మేం ఆ ఊరికి వెళ్ళేవాళ్ళం. స్కీయింగ్ వంక మాత్రమే.

ఆవిడ తెలుగు, జర్మనీకి వచ్చిన రోజుల దగ్గరే ఆగిపోయింది. ఏదైనా వస్తువు చూపించి, "ఇప్పుడు దీన్నేవంటన్నారే అక్కడ?" అని అడిగేది. ఛార్జర్ అని చెప్తే మొహం చిన్నబుచ్చుకునేది. "అది ఇంగ్లీషు కదే. మనమాట లేదూ?" లేదంటే ఆ రోజంతా నా మీద కోపంగా ఉండేది, నేనేదో పోగొట్టి వచ్చినట్టు. జర్మన్ పిల్లలను మాత్రం తెలుగులోనే గదిమేది. మంచు బూట్లతో లోపలికి వచ్చే కుర్రాళ్ళను "దులుపుకు రారా సన్నాసీ!" అంటే, వాళ్ళు మాట అర్థం కాకపోయినా గుమ్మంలోనే నిలబడి బూట్లు దులుపుకునేవాళ్ళు.

ఎంత తిట్టినా, ఎంత నవ్వినా, ఒక చెవి మాత్రం ఎప్పుడూ బయటికి పెట్టి ఉండేది. మాట మధ్యలో ఆగి, తల కొండవైపు తిప్పి, కాసేపు అలా ఉండి, మళ్ళీ మాట అందుకునేది.

ఒక మధ్యాహ్నం కొండ మీద నుంచి పొగమంచు దిగింది. ఆ ఊళ్ళో అది మెల్లగా రాదు, దుప్పటి కప్పినట్టు పడుతుంది. ఎదురుగా ఉన్న లిఫ్ట్ స్తంభం కూడా కనబడలేదు. పెద్దమ్మ చేతిలో గరిటె వదిలేసి, గోడకు వేలాడుతున్న పెద్ద ఆవు గంట తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. రెండు చేతులతో పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. సూప్ తాగుతున్నవాళ్ళు ఎవరూ తల ఎత్తలేదు. వాళ్ళకు అలవాటే.

"ఎందుకు కొడుతున్నరు పెద్దమ్మా?" అన్నాను.

"మబ్బు దిగితే పైనున్నోళ్ళకి దిక్కు తెలవదే. ఈ చప్పుడు పట్టుకుని వస్తారు."

నిజంగానే కాసేపటికి ఇద్దరు స్కీయర్లు ఆ గంట శబ్దం పట్టుకుని వచ్చారు. ఆవిడకు మొక్కినంత పని చేశారు. ఆవిడ వాళ్ళ మొహాల్లోకి ఒకసారి చూసి, పక్కకు జరిగి దారి ఇచ్చి, మళ్ళీ గంట ఊపింది. పొగమంచు విడిపోయేదాకా ఊపుతూనే ఉంది. ఆవిడ ఎదురుచూసేది వాళ్ళ కోసం కాదని అప్పుడు అర్థమైంది.

మిగతాది నాకు చెప్పింది ఆవిడ స్నేహితురాలు. ఆ ఊరి బళ్ళో పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఆకుపచ్చ కోటు వేసుకునే మనిషి. వాళ్ళిద్దరూ వారానికోసారి కలిసి కాఫీ తాగేవాళ్ళు. చాలా ఏళ్ళ క్రితం, పశువులను కొండ మీద నుంచి కిందికి దించే రోజుల్లో, మంద నుంచి ఒక పెయ్య తప్పిపోయిందట. పెద్దమ్మ భర్త దాన్ని వెతకడానికి పొగమంచులో పైకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఊరంతా వెతికింది. కుక్కలతో వెతికారు. పైన ఒక గుంటలో ఊబి ఉంది. కుక్కలు దాని గట్టు దాకా వెళ్ళి ఆగిపోయాయి. ఆయన అందులోనే ఉన్నాడని అందరూ అనుకున్నారు. ఆ రోజుల్లో దాన్ని తోడి చూసే ఉపాయం ఎవరికీ లేకపోయింది.

పెద్దమ్మ దీని గురించి ఎప్పుడూ నాతో మాట్లాడలేదు. ఆయన పేరు కూడా ఆవిడ నోట వినలేదు. "మా ఆయన" అనేది, అంతే. ఆయనకు పుల్ల మజ్జిగ ఇష్టమనో, పాట సరిగ్గా పాడలేడనో, వర్తమానంలోనే చెప్పేది.

మేం వెళ్ళడం మొదలుపెట్టిన మూడో చలికాలానికి వాలు మీద మంచు దాదాపు లేదు. లిఫ్ట్ కుర్చీలు ఖాళీగా గాలికి ఊగుతున్నాయి. అప్పుడు వచ్చింది ఆ విస్తరణ ప్రతిపాదన. పాత లిఫ్ట్ తీసేసి పైదాకా కొత్తది వేయాలి. మంచు తయారుచేసే యంత్రాలు పెట్టాలి. వాటికి నీళ్ళు కావాలి కాబట్టి పైన ఒక చెరువు తవ్వాలి. చెరువుకు తగిన చోటు ఆ ఊబి ఉన్న గుంట ఒక్కటే.

ఊరు రెండుగా చీలింది. బేకరీలో ఒక వైపు వాళ్ళు ఉంటే రెండో వైపు వాళ్ళు బయటే ఆగేవాళ్ళు. లిఫ్ట్ మేనేజర్ పెద్దమ్మ పక్కింటివాడే. బుగ్గలు ఎర్రగా కందిపోయిన, భారీ మనిషి. లిఫ్ట్ మూతబడితే ఊళ్ళో పిల్లలున్న కుటుంబాలు నిలవవని ఆయన బాధ. వద్దన్నవాళ్ళకు ముందు నిలబడింది టీచరమ్మ. కొండ పట్టి ఉంచుకున్న నీళ్ళన్నీ ఆ ఊబిలోనే ఉన్నాయని, చలే లేకుండా పోయాక యంత్రాలు మాత్రం ఏం చేస్తాయని ఆవిడ వాదన. నాకు ఇద్దరూ చెప్పేది నిజమే అనిపించేది.

అంతలో పాలకేంద్రం గోడ మీద ఒక పోస్టర్ వెలిసింది. ఊబి ఫొటో, దాని మీద పెద్ద అక్షరాలు: "ఇక్కడ మనవాడు ఒకడు నిద్రపోతున్నాడు. లేపకండి."

ఎవరూ పెద్దమ్మను అడగలేదు. అడగాల్సిన అవసరం ఉందనే ఎవరికీ తోచలేదు. భార్య కదా, వద్దనే అంటుంది అనుకున్నారు.

ఆవిడ ఆ పోస్టర్ ముందు నిలబడి ఉండగా నేను పక్కనే ఉన్నాను. పాల క్యాన్ కింద పెట్టి, అక్షరం అక్షరం చదివింది.

"నిద్రపోతన్నాడంట" అంది. "పక్క ఎవరేశారే ఆయనకి? ఎవరు దుప్పటి కప్పారు?"

తర్వాత, నా వైపు తిరగకుండానే అడిగింది. "మీటింగు శుక్రవారం. రాగలవా? నా పక్కన మన మనిషి ఒకరుంటే బాగుండు."

"వస్త పెద్దమ్మా" అన్నాను. మధ్యాహ్నమే ఆఫీసు నుంచి బయల్దేరి, రెండు రైళ్ళు, ఒక బస్సు మారి వెళ్ళాను.

ఫైర్ స్టేషన్ హాల్లో పెట్టారు మీటింగు. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని నిలబడ్డారు. ముందు మేనేజర్ మాట్లాడాడు. బొమ్మలు చూపించాడు. తన కొడుకులు ఇద్దరూ మ్యూనిక్ వెళ్ళిపోయారని చెప్పాడు. తర్వాత టీచరమ్మ లేచింది. నీళ్ళ గురించి, ఆ నేలలో తప్ప ఎక్కడా బతకని పూల గురించి చెప్పింది. బాగా చెప్పింది. చివర ఆగి, మా వైపు చూసి అంది: "అన్నిటికంటే ముందు, అదొక సమాధి. మనలో ఒకరి భర్త అక్కడున్నాడు. ఆవిడ ముందు కూర్చుని దాన్ని తవ్వుదామని ఎలా అనగలుగుతున్నారు?"

హాలు హాలంతా మా వైపు తిరిగింది. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని లేచింది. ఆ చెయ్యి వదల్లేదు. ఆ ఊరి యాసలో, తడబడకుండా మాట్లాడింది.

"సమాధంటున్నారు. సమాధి కట్టింది ఎవరు? నేను మట్టి వేయలేదు. పాస్టరు ప్రార్థన చేయలేదు. మీరెవరూ పాట పాడలేదు. యోసెఫ్ ఇంటికి రాలేదు. నాకు తెలిసింది అంతే."

భర్త పేరు ఆవిడ నోట వినడం నాకదే మొదటిసారి. చుట్టుపక్కల మొహాలు చూస్తే, ఆ ఊరివాళ్ళు విని కూడా చాలా కాలమైనట్టుంది.

"ఆయన అక్కడున్నాడని మీరందరూ అంటారు. ఎవరూ చూడలేదు. మీకు యంత్రాలున్నాయి ఇప్పుడు. తవ్వండి. ఉంటే నాకివ్వండి. లేకపోతే లేడని చెప్పండి. నాకింకేం అక్కర్లేదు."

ముందు వరసల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. కొత్త లిఫ్ట్ కావాలన్నవాళ్ళు. పెద్దమ్మ అటు తిరిగింది.

"కొట్టకండి! నేను మీ మంచు కోసం మాట్లాడలేదు."

చప్పట్లు ఆగిపోయాయి. టీచరమ్మ ఆకుపచ్చ కోటు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయింది. మేనేజర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

ఓటింగులో తవ్వాలన్నవాళ్ళు కొద్ది తేడాతో గెలిచారు. ఆవిడ మాట వల్లే అని కొందరు, ఎలాగైనా గెలిచేవాళ్ళేనని కొందరు. టీచరమ్మ కాఫీకి రావడం మానేసింది. ఊళ్ళో సగం మంది పెద్దమ్మకు ఎదురొస్తే పక్క సందులోకి తిరిగేవాళ్ళు. ఆవిడ మాత్రం వాళ్ళ వీపులకు కూడా "గ్రూస్ గాట్" అని నమస్కారం చెప్పేది.

ఎండాకాలంలో తవ్వకం మొదలైంది. ఆవిడ మడతకుర్చీ ఒకటి తీసుకెళ్ళి కంచె పక్కన వేసుకుంది. మేనేజర్ ఆవిడ ఉన్ని టోపీ మీదే హెల్మెట్ పెట్టి, జేసీబీ నడిపేవాడితో ఏదో చెప్పాడు. అప్పటి నుంచి అతను తొట్టి నింపిన ప్రతిసారీ ఒక్కసారిగా కుమ్మరించకుండా, ఆవిడ కళ్ళ ముందు మెల్లగా పరిచేవాడు. నల్లటి మట్టి. తేనె రంగు నీళ్ళు కారుతూ. అందులోంచి ఎప్పటివో చెట్ల మొద్దులు, నిన్న నరికినట్టు గట్టిగా బయటపడేవి. ఆవిడ ప్రతి కుప్పా చూసి తల అడ్డంగా ఊపేది. అప్పుడు అతను తర్వాతి తొట్టి దించేవాడు.

నేను సెలవు పెట్టి వెళ్ళిన ఒక రోజు, పొద్దున్నుంచీ సన్నగా వాన. గుంట దాదాపు అడుగుకు వచ్చింది. జేసీబీ ఆగిపోయింది. నడిపేవాడు దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పెద్దమ్మ కుర్చీలోంచి లేచి, నేను పట్టుకునేలోగా బురదలోకి నడిచింది.

మనిషి కాదు. పెయ్య. ఊబి దాన్ని కుళ్ళనివ్వలేదు. చర్మం తోలు సంచీలా ముదిరి ఎర్రబారింది. వెంట్రుకలు కూడా ఉన్నాయి. చెవికి పసుపుపచ్చ బిళ్ళ. పెద్దమ్మ బురదలో కూలబడి, దాని తల ఒళ్ళోకి తీసుకుని, వేలితో ఆ బిళ్ళ తుడిచింది.

"బుజ్జీ" అంది. "ఓసి బుజ్జీ."

అతను ఆ చుట్టుపక్కలంతా తవ్వాడు. తర్వాతి రోజులన్నీ తవ్వాడు, రాయి తగిలేదాకా. ఇంకేమీ లేదు. ఆ రోజు మాత్రం వానలో అందరూ అలాగే నిలబడి ఉండగా, కింది దారిలోంచి ఆకుపచ్చ కోటు కనబడింది. వార్త ఎవరు చేరవేశారో తెలియదు. టీచరమ్మ బురదలోకి వచ్చి, పెద్దమ్మ మీద గొడుగు పట్టింది.

పెద్దమ్మ తలెత్తి నన్ను చూసింది. మొహంలో ఏడుపు లేదు. ఏదో లెక్క తప్పిందన్న కంగారు ఉంది.

"అమ్మాయ్, ఇది ఇక్కడే ఉందంటే... ఆయన ఇంకా వెతుకుతానే ఉన్నాడు."

ఆ తర్వాత ఆవిడ గంట ముట్టుకోలేదు. పొగమంచు దిగితే గుమ్మంలోకి వెళ్ళి, నోటి చుట్టూ చేతులు అడ్డం పెట్టుకుని, కొండవైపు కేక వేసేది.

"దొరికిందండీ! బుజ్జి దొరికింది! ఇంక రండి!"

ఆ కేకలో పిచ్చి ఏమీ లేదు. పొలంలో ఉన్న మొగుణ్ణి అన్నానికి పిలిచే పిలుపు అది. మా పాప వచ్చి నా కోటు పట్టుకుని నిలబడింది.

"గంట ఎందుకు మానేసిన్రు పెద్దమ్మా?" అని అడిగాను, వేరే ఏం అడగాలో తెలియక.

"గంట పశువుకే. మనిషిని మాటతో పిలవాలి." చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది. "ఆ రోజు నేనే అన్నానే. బుజ్జి నా చేతి మీద పెరిగింది. తప్పిపోయిందనేసరికి నాకు ఒళ్ళు తెలవలేదు. అది లేకుండా ఇంటికి రామాకండి అన్నాను. తెలుగులోనే అన్నాను. ఆయనకి తెలుగు రాదు. కానీ నేనేవన్నానో ఎప్పుడూ తెలిసిపోయేది ఆయనకి."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. కోపంలో అందరూ అంటారు పెద్దమ్మా అన్నాను. ఆవిడ వినలేదు. చెవి అటు పెట్టి ఉంది.

పోయిన చలికాలం ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు. ఊపిరితిత్తుల్లో నీరు. నేను వెళ్ళేసరికి జర్మన్ పూర్తిగా వదిలేసింది. నర్సులు ఏమడిగినా తెలుగులోనే జవాబు చెప్తోంది. ఒకప్పుడు తను నర్సుగా పనిచేసిన చోటే, దుప్పటి మడత సరిగ్గా లేదని ఆ పిల్లలను కసురుతోంది. నన్ను గుర్తుపట్టింది. మంచం మీద కొంచెం జరిగి చోటిచ్చింది.

"ఇంటికి తాళం ఎవరన్నా వేశారేంటే?"

"తెల్వదు పెద్దమ్మా. అడుగుత."

"వెయ్యొద్దని చెప్పు. ఆయన వచ్చేసరికి తలుపు వేసుంటే ఏవనుకుంటాడు? నేనింకా కోపంగా ఉన్నాననుకోడూ?"

చెప్తానన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. రెండు రోజుల తర్వాత పోయింది.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది, రెండు వైపులవాళ్ళూ. టీచరమ్మ పాట మొదలుపెడితే మేనేజర్ బొంగురు గొంతుతో అందుకున్నాడు. రాయి మీద యోసెఫ్ పేరు కూడా చెక్కించమంటారా అని పాస్టరు నన్ను అడిగాడు, బంధువును నేనే అన్నట్టు. వద్దండీ అన్నాను.

సామాన్లు చూసుకోవడానికి మేనేజర్‌తో కలిసి ఇంటికి వెళ్ళాను. ఇల్లు పెద్దమ్మ భర్త తరఫు దూరపు బంధువు ఒకరికి పోతుంది. అతను వచ్చేదాకా తాళం వేసి ఉంచమని పంచాయతీ ఆఫీసు వాళ్ళు మేనేజర్‌కు తాళంచెవి ఇచ్చారు. లోపల అన్నీ తుడిచి, సర్ది ఉన్నాయి. మేం చేయగలిగింది ఏమీ లేదు. పొయ్యి ఆరిందో లేదో చూసి బయటికి వచ్చాం. ఆయన తాళంచెవి తీశాడు.

అప్పుడు చెప్పాను, ఆవిడ ఆసుపత్రిలో అడిగిన మాట. ఉన్నదున్నట్టు చెప్పాను, నా వంకర జర్మన్‌లో.

మేనేజర్ అంతా విని, కొండవైపు చూశాడు. పైన ఆయన కొత్త లిఫ్ట్ వెలుగుతోంది, యంత్రాలు హోరుమని మంచు చిమ్ముతున్నాయి. వాటి వెనక నుంచి పొగమంచు దిగుతోంది. అప్పటికే చెరువు కనబడటం లేదు. ఆయన పెద్ద చేతిలో ఆ తాళంచెవి చాలాసేపు ఉండిపోయింది.

"మోర్గెన్" అన్నాడు చివరికి. రేపు వేద్దాంలే.

తలుపు ఊరికే దగ్గరికి లాగి, తాళంచెవి జేబులో వేసుకుని, నాతోపాటు బస్టాప్ దాకా నడిచాడు.